కథ చేరని పటం: ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4’, దాని విస్తరణ కథలు – తెలంగాణ పటకథా సంప్రదాయ నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

నేరలోకాన్ని వస్తువుగా తీసుకున్న ఓపెన్‌వరల్డ్ వీడియోగేమ్ ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4’ 2008లో వెలువడింది. 2009లో దానికి ‘ది లాస్ట్ అండ్ డ్యామ్డ్’, ‘ది బ్యాలడ్ ఆఫ్ గే టోనీ’ అనే రెండు విస్తరణ కథలు వచ్చాయి. మూలకథలో ఆటగాడి చేతిలో గుర్తింపు లేకుండా చనిపోయిన మనుషులకు ఈ విస్తరణలు పేరునూ, బంధాలనూ, చరిత్రనూ ఇస్తాయి. ఒకే లోకాన్ని మరొకరి వైపు నుంచి తిరిగి చెప్పే ఈ పద్ధతిని తెలంగాణలోని పటకథలతోనూ, ఆశ్రితకులాలవారు చెప్పే కులపురాణాలతోనూ పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. విస్తరణ కథలు చేసే నైతిక పునర్విచారణ అంతా భాషలో జరుగుతుందనీ, ఆ భాష అందని తెలుగు ఆటగాడికి పటం మాత్రమే చేరి కథ చేరడం లేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్, ఓపెన్‌వరల్డ్, విస్తరణ కథ, పటకథ, కులపురాణం, దృష్టికోణం, సాధారణీకరణం, మొగుళ్లపల్లి.

1. ఉపోద్ఘాతం

వీడియోగేమ్‌ల గురించి తెలుగులో జరిగే చర్చ ఎక్కువగా పిల్లల చదువు, వ్యసనం, హింస అనే మూడు అంశాల చుట్టూ తిరుగుతుంది. ఈ ఆందోళనలు నిరాధారమైనవి కావు. అయితే ఒక ఆటను హానికరమని గాని, హాని లేనిదని గాని తేల్చే ముందు ఆ ఆట ఏం చెబుతోందో చదవవలసి ఉంటుంది. నవలనో సినిమానో విమర్శించేటప్పుడు పాటించే ఈ కనీస నియమం వీడియోగేమ్ విషయంలో తరచుగా మరుగున పడుతోంది.

ఆటను రచనగా చదివే పద్ధతికి పాశ్చాత్య విమర్శలో రెండున్నర దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. పాఠకుడు తన ప్రయత్నంతో దారి ఏర్పరచుకుంటే తప్ప ముందుకు సాగని రచనలను ఎస్పెన్ ఆర్‌సెత్ ‘సైబర్‌టెక్స్ట్’ (1997)లో ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. అదే ఏడాది జానెట్ మర్రీ ‘హామ్లెట్ ఆన్ ది హోలోడెక్’లో కంప్యూటర్‌ను కొత్త కథనమాధ్యమంగా పరిశీలించింది. ఆట నియమాలు ఒకటి చెబుతుండగా ఆట కథ మరొకటి చెప్పే స్థితికి 2007లో క్లింట్ హాకింగ్ ‘లూడోనెరేటివ్ డిసొనెన్స్’ అని పేరుపెట్టాడు. దీన్ని తెలుగులో ‘ఆట–కథ వైరుధ్యం’ అనవచ్చు.

ఈ వ్యాసం ఆ సిద్ధాంతాలను తెలుగునేలపై యథాతథంగా అన్వయించడంతో ఆగదు. ఆటను చదివే స్థానం ఏదన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. మొగుళ్లపల్లి ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. ఒగ్గుకథ, చిందు యక్షగానం, పటకథ వంటి ప్రదర్శనరూపాలకు ఉమ్మడి వరంగల్ పెద్ద ఆటపట్టు. ఒగ్గుకథను ఊరి హద్దులు దాటించి ప్రసిద్ధికి తెచ్చిన చుక్క సత్తయ్య నేటి జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందినవాడు. పటాలను చిత్రించే నకాషీ కళాకారుల చేర్యాల నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా అంతకుముందు వరంగల్ జిల్లాలోనిదే. కాబట్టి ఈ వ్యాసానికి మొగుళ్లపల్లి సర్వే చేసిన క్షేత్రం కాదు, పఠనస్థానం. అక్కడ కూర్చుని లిబర్టీ సిటీలో తిరిగే ఆటగాడికి ఏం చేరుతుంది, ఏం చేరదు అన్నదే ప్రశ్న.

2. పటం: ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో ‘పటం’ అనే మాటకు చిత్రించిన గుడ్డ అనీ, భూభాగాన్ని చూపే రేఖాచిత్రం అనీ రెండు అర్థాలున్నాయి. ఓపెన్‌వరల్డ్ ఆటను అర్థం చేసుకోవడానికి ఈ రెండూ అవసరమవుతాయి.

చేర్యాల పటం పదుల అడుగుల పొడవున చుట్టగా ఉంటుంది. చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూత పూసిన గుడ్డపై కథాఘట్టాలను వరుస గళ్లలో చిత్రిస్తారు. కథకుడు చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మను చూపిస్తూ కథ చెబుతాడు. చూసేవారికి ఒకేసారి పటమంతా కనిపించదు. ఏ బొమ్మ ముందు, ఏది వెనుక అన్నది కథకుడి చేతిలో ఉంటుంది. బొమ్మలోని మనిషి ఎవరో, ఎందుకు కత్తి ఎత్తాడో, ఎవరి కోసం ఏడుస్తున్నాడో చెప్పేది కథకుడి గొంతే. హైదరాబాదులోని జగదీశ్–కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియంలో భద్రపరచిన తెలంగాణ పటాల రంగులనూ రేఖలనూ నేటి ప్రేక్షకుడు చూడగలడు. కథ తెలియనివాడికి మాత్రం అవి వరుసగా నిలబడిన బొమ్మలే.

ఓపెన్‌వరల్డ్ ఆటలోని పటం దీనికి తలకిందులుగా ఉంటుంది. తెరపై ఒక మూల ఎప్పుడూ కనిపించే చిన్న పటంలో ఆటగాడున్న చోటూ, వెళ్లవలసిన చోటూ, పోలీసుల వేటలో తప్పించుకోవలసిన పరిధీ గుర్తులుగా కనిపిస్తాయి. శత్రువు ఎర్రచుక్క, మిత్రుడు నీలిచుక్క. ఏ వీధిలో తిరగాలి, కథను ఎప్పుడు ముందుకు నడపాలి అన్నది ఆటగాడి ఇష్టం. ఫ్రెంచి చింతకుడు మిషెల్ ద సెర్తో స్థలాన్ని పైనుంచి చూపే పటానికీ, స్థలంలో నడుస్తూ చెప్పే కథనానికీ మధ్య చేసిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. చేర్యాల పటం పేరుకే పటం. అది నడక వంటి కథనం. ఆటలోని పటం స్థలాన్ని చూపిస్తుందే తప్ప ఎర్రచుక్క ఎవరో చెప్పదు. అది చెప్పవలసింది సంభాషణ. ఈ వ్యాసంలోని వాదమంతా ఈ తేడాపై ఆధారపడి ఉంది.

3. మూలకథ: నికో బెలిక్, తెరుచుకునే నగరం

రాక్‌స్టార్ నార్త్ రూపొందించిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4’ 2008 ఏప్రిల్ 29న ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాలకూ, అదే ఏడాది డిసెంబరులో కంప్యూటర్‌కూ విడుదలైంది. న్యూయార్క్‌ను అనుకరించిన లిబర్టీ సిటీ ఇందులో కథాస్థలం. తూర్పు యూరప్ యుద్ధంలో పోరాడిన నికో బెలిక్ ఓడలో ఈ నగరానికి వస్తాడు. పెద్ద భవంతి, ఖరీదైన కార్లు ఉన్నాయని చెప్పి రప్పించిన బంధువు రోమన్ నిజానికి ఇరుకైన గదిలో ఉంటూ, అప్పులతో చిన్న ట్యాక్సీ వ్యాపారం నెట్టుకొస్తుంటాడు. గల్ఫ్‌కు పోయినవారి గొప్ప కబుర్లనూ, వాటి వెనకటి ఇరుకు గదులనూ ఎరిగిన తెలంగాణ ఊళ్లకు ఈ ప్రారంభఘట్టం కొత్తది కాదు.

నికో రాకకు మరో కారణం ఉంది. యుద్ధంలో తన ఊరి కుర్రాళ్ల దళాన్ని శత్రువుకు పట్టించిన ద్రోహిని అతడు వెతుకుతుంటాడు. చివరకు దొరికిన ద్రోహి తన మిత్రులను అమ్ముకున్నది వెయ్యి డాలర్లకే. మత్తుమందుకు బానిసై శిథిలమైన ఆ మనిషిని చంపాలా, వదలాలా అన్న నిర్ణయాన్ని ఆట ఆటగాడికి అప్పగిస్తుంది. ముగింపు కూడా ఆటగాడి ఎంపికను బట్టి మారుతుంది: డబ్బు కోసం ఒప్పందానికి దిగితే రోమన్ మరణిస్తాడు, పగ తీర్చుకోవడానికి మొగ్గితే నికో మనసు పడిన కేట్ మరణిస్తుంది. ఏ దారి పట్టినా నికోకు ఆత్మీయుల్లో ఒకరు దక్కరు.

‘ఓపెన్‌వరల్డ్’ అనే మాటలో ఉన్న విశాలత ఆటలో మొదటి నుంచీ లభించదు. ఆరంభంలో వంతెనలు మూసి ఉంటాయి; హద్దు దాటితే పోలీసుల వేట మొదలవుతుంది. కథ నడిచిన కొద్దీ నగరం తెరుచుకుంటుంది. ఆ మేరకు ఆటలోనూ కథకుడు చుట్టను కొద్దికొద్దిగానే విప్పుతున్నాడు. విప్పిన మేర ఎటు తిరగాలన్నది మాత్రం ఆటగాడి వంతు.

ఆట–కథ వైరుధ్యం ఈ రచనలో స్పష్టంగా కనిపిస్తుంది. చంపిన ప్రాణాల బరువు గురించి సంభాషణల్లో బాధపడే నికో, ఆటగాడి చేతిలో ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీది జనాన్ని కారుతో తొక్కించగలడు. కథ అతడిని పశ్చాత్తాపపడే మనిషిగా చెబుతుంటే నియమం అతడిని ఎవరినైనా చంపగల ఆయుధంగా చేస్తుంది. ఈ ఆటపై వచ్చిన నైతిక విమర్శకు బలం ఇక్కడే ఉంది. అయితే ఆ విమర్శ మూలకథతో ఆగిపోతుంది. తొక్కించిన మనిషి వైపు నుంచి లోకాన్ని చూపే ప్రయత్నం విస్తరణ కథల్లో ఉంది.

4. విస్తరణ కథలు: ఎర్రచుక్కకు పేరు రావడం

‘ది లాస్ట్ అండ్ డ్యామ్డ్’ 2009 ఫిబ్రవరి 17న, ‘ది బ్యాలడ్ ఆఫ్ గే టోనీ’ అదే ఏడాది అక్టోబరు 29న ఎక్స్‌బాక్స్ 360కి వచ్చాయి. మొదటిదానిలో నాయకుడు జానీ క్లెబిట్జ్, ‘ది లాస్ట్’ అనే బైకర్ ముఠాకు ఉపాధ్యక్షుడు. రెండోదానిలో నాయకుడు లూయిస్ లోపెజ్, నైట్‌క్లబ్‌ల యజమాని టోనీ ప్రిన్స్‌కు అంగరక్షకుడూ భాగస్వామీ. నగరం అదే, కాలం అదే. మూలకథలో నికో దాటిపోయిన సంఘటనల్లోనే వీరిద్దరూ ఉన్నారు.

మూడు కథలనూ కలిపే ఘట్టం మ్యూజియంలో వజ్రాల బేరం. మూలకథలో నికో, జానీతో కలిసి వజ్రాలు అమ్మడానికి వెళతాడు. హఠాత్తుగా ఎవరో దూసుకొచ్చి బేరం చెడగొడతాడు. జానీ డబ్బుతో పారిపోతాడు. నికో కాల్పుల మధ్య బయటపడతాడు. జానీ కథలో ఇదే ఘట్టాన్ని జానీగా, లూయిస్ కథలో బేరం చెడగొట్టినవాడిగా ఆడవలసి ఉంటుంది. కురొసావా ‘రషోమాన్’ (1950)లో సాక్షుల కథనాలు ఒకదాన్నొకటి కొట్టివేస్తాయి. ఇక్కడి కథనాలు ఒకదాన్నొకటి పూరిస్తాయి. ఒక కథనంలో ‘ఎవరో’ అయినవాడు మరో కథనంలో ‘నేను’ అవుతాడు. ముందు అకారణంగా కనిపించిన సంఘటనకు తరవాతి కథనంలో కారణం బయటపడే ఈ అల్లిక, పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ చదివిన తెలుగు పాఠకుడికి దుర్గ్రాహ్యం కాదు.

మ్యూజియం ఘట్టం కంటే లోతైనవి రెండు హత్యలు. మూలకథ తొలిభాగంలో ఒక రష్యన్ ముఠానాయకుడు తన కూతురితో తిరుగుతున్న బైకర్‌ను చంపమని నికోను పంపుతాడు. మరికొంత దూరం వెళ్లాక ఇంకో ముఠాకోరు ఇద్దరు బైకర్లను వెంటాడి చంపే పని అప్పగిస్తాడు. సబ్‌వే సొరంగాల గుండా సాగే ఆ వేట ఆటగాడికి వేగం, నైపుణ్యం, ఉత్కంఠ. పని ముగిశాక డబ్బు వస్తుంది. ఎర్రచుక్కలు పటం నుంచి మాయమవుతాయి.

‘ది లాస్ట్ అండ్ డ్యామ్డ్’లో ఈ చుక్కలకు పేర్లు వస్తాయి. మొదటి హతుడు జేసన్ మైకేల్స్, ‘ది లాస్ట్’ సభ్యుడు. అతని చావును ముఠా అధ్యక్షుడు బిల్లీ ప్రత్యర్థి ముఠాకు అంటగట్టి, దాన్ని యుద్ధానికి సాకుగా వాడుకుంటాడు. నికోకు ఒక సాయంత్రపు పనిగా ముగిసినది జానీ లోకంలో అనేకుల చావుకు దారి తీస్తుంది. సబ్‌వేలో వేటాడిన ఇద్దరిలో ఒకడు జిమ్ ఫిట్జ్‌జెరాల్డ్, జానీకి అత్యంత ఆప్తుడు. విస్తరణ కథ పొడవునా జిమ్ ఆటగాడి పక్కన బైకు నడుపుతాడు. ముఠా సభ్యులు వరుస తప్పకుండా కలిసి సాగితే గాయాలు మానే నియమాన్ని, దారిలో వారి మధ్య మాటలు సాగే ఏర్పాటును ఈ విస్తరణ కొత్తగా చేర్చింది. స్నేహం ఇక్కడ సంభాషణలో మాత్రమే లేదు, ఆట నియమంలోనే ఉంది. ఒకప్పుడు ఎర్రచుక్కగా వేటాడినవాడు ఇప్పుడు నీలిచుక్కగా పక్కన ఉన్నాడు. అతడిని చంపింది ఎవరో మూలకథ ఆడినవాడికి తెలుసు, జానీకి తెలియదు.

రెండో విస్తరణ ఇదే పని మరో తీరులో చేస్తుంది. మూలకథలో నికో పాల్గొన్న బ్యాంకు దోపిడీ ఆట చరిత్రలోనే ప్రసిద్ధమైన ఘట్టాల్లో ఒకటి. ‘ది బ్యాలడ్ ఆఫ్ గే టోనీ’ ఆ బ్యాంకు నేలపై బోర్లా పడుకున్న బందీల మధ్య మొదలవుతుంది; వారిలో లూయిస్ ఒకడు. ఇంతమంది చంపుకున్న వజ్రాలు చివరకు చెత్తలో ఒక ఇల్లులేని మనిషికి దొరకడంతో మూడు కథల వలయం పూర్తవుతుంది.

హింసను చూపడం వల్లనే ఈ ఆట అనైతికమనే వాదనకు విస్తరణ కథలు ఇచ్చే సమాధానం ఇది: హింసకు గురైనవాడి దగ్గరకు వెళ్లడం. ఆ సమాధానం సంపూర్ణమా అన్నది వేరే ప్రశ్న.

5. కులపురాణం – విస్తరణ కథ: పోలికలు, తేడాలు

ఒక లోకాన్ని అంచున ఉన్నవారి వైపు నుంచి తిరిగి చెప్పే పద్ధతి తెలంగాణకు కొత్తది కాదు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు పటం విప్పి కథలు చెప్పే సంప్రదాయం ఉంది. ఈ ఆశ్రితకులాల సాహిత్యాన్ని పులికొండ సుబ్బాచారి వంటి పరిశోధకులు విస్తృతంగా అధ్యయనం చేశారు. శిష్టపురాణాల్లో రాముడి సేనలో వృద్ధ సహాయకుడిగా కనిపించే జాంబవంతుడు డక్కలివారు చెప్పే జాంబపురాణంలో సృష్టికి ముందే పుట్టిన ఆదిపురుషుడు. లోకం అదే, దేవతలు వారే. కేంద్రం మాత్రం మారింది. ఒక కథలో సహాయపాత్ర మరో కథలో మూలపురుషుడు కావడమే విస్తరణ కథల వెనక ఉన్న సూత్రం కూడా.

పోలిక ఇక్కడితో ఆగదు. మాదిగలను కేంద్రానికి తెచ్చే కథను చెప్పే డక్కలివారు సామాజికంగా వారికన్నా కిందిమెట్టుపై ఉన్నవారు. కేంద్రం మారిన ప్రతిచోటా కొత్త అంచు ఒకటి మిగులుతుంది. లిబర్టీ సిటీలోనూ అంతే. బైకరూ, నైట్‌క్లబ్ అంగరక్షకుడూ నాయకులైనా, మత్తుకు బానిసైన ఆష్లీ గాని, ఒక ముగింపులో ప్రాణం కోల్పోయే కేట్ గాని నాయికలు కాలేదు. మూడు కథల్లోనూ స్త్రీ ఆటగాడి చేతికి రాదు. కేంద్రస్థానం శాశ్వతం కూడా కాదు. 2013 సెప్టెంబరులో వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’లో ట్రెవర్ అనే కొత్త నాయకుడు రంగప్రవేశం చేసిన కొద్దిసేపటికే జానీని చంపుతాడు. విస్తరణ కథ ఆడనివాడికి అక్కడ చనిపోయింది మళ్లీ ‘ఎవరో ఒక బైకర్’ మాత్రమే.

తేడాలూ మౌలికమైనవే. కులపురాణం చెప్పే హక్కు వంశపారంపర్యం. పోషకకులం కథకుడికి ఇచ్చేది ధర కాదు, అతనికి చెల్లవలసిన త్యాగం. విస్తరణ కథ సరుకు. రెండు విస్తరణలనూ మొదట తన యంత్రానికే పరిమితం చేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ టేక్–టూ సంస్థకు 5 కోట్ల డాలర్లు చెల్లించింది. ప్లేస్టేషన్, కంప్యూటర్ వాడేవారికి అవి 2010 ఏప్రిల్‌లో గాని అందలేదు. ఏ పక్కపాత్రకు కథ దక్కాలో నిర్ణయించింది ఆ పాత్ర సముదాయం కాదు, సంస్థ. అదే సంస్థ ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’కు ఒంటరిగా ఆడే విస్తరణ కథలేవీ ఇవ్వలేదు, ఆట జీవితమంతా ఆన్‌లైన్ రూపంలోకి మళ్లింది. అంచున ఉన్నవాడి కథ సంస్థ దయపై ఆధారపడినంత కాలం దాన్ని కులపురాణంతో సమానం చేయలేం.

6. సామాజికుడా, కర్తా?

భారతీయ రససిద్ధాంతంలో కావ్యానుభవానికి సాధారణీకరణం కీలకం. భట్టనాయకుడు ప్రతిపాదించినట్లు అభినవగుప్తుని ద్వారా తెలిసే ఈ భావన ప్రకారం రంగస్థలంపై శోకం రాముడి వ్యక్తిగత శోకంగా గాని, ప్రేక్షకుడి సొంత శోకంగా గాని ఉండదు. వ్యక్తిబంధం తొలగిన భావంగా ఆస్వాద్యమవుతుంది. సామాజికుడు చూస్తాడే తప్ప చేయడు. ఆ దూరమే రసానికి చోటిస్తుంది.

వీడియోగేమ్ ఈ దూరాన్ని సగం చెరిపేస్తుంది. జిమ్‌ను సబ్‌వేలో చంపింది నికో అనే పాత్రే అయినా మీట నొక్కిన వేలు ఆటగాడిది. కాబట్టి విస్తరణ కథలో జిమ్‌ను గుర్తుపట్టినప్పుడు కలిగేది కేవలం కరుణరసం కాదు. అందులో ‘ఇది నా చేతి పని’ అనే ఎరుక కలిసి ఉంటుంది. నాటకం చూసేవాడికి అపరాధభావం కలగడానికి ఆస్కారం తక్కువ. ఆటగాడికి అది మాధ్యమం నుంచే వస్తుంది. మూలకథనూ విస్తరణనూ విడిగా గాక జంటగా ఆడినప్పుడే ఈ అనుభవం సాధ్యం. విస్తరణ కథ విలువ కొత్త వీధుల్లోనో, కొత్త ఆయుధాల్లోనో లేదు. చేసిన పనిని మరో కంటితో చూపించడంలో ఉంది.

అయితే ఈ అనుభవానికి ఒక నిబంధన ఉంది. బైకు మీది మనిషి పేరు జిమ్ అని ఆటగాడికి తెలియాలి. చుక్క రంగు ఎరుపు నుంచి నీలానికి మారిందని పటం చూపిస్తుంది. ఆ రెండు చుక్కలూ ఒకే మనిషివని చెప్పేది పేరు, మాట, జ్ఞాపకం. అది భాషలో ఉంది.

7. మొగుళ్లపల్లిలో లిబర్టీ సిటీ

ఈ ఆటలో పాత్రలు ఇంగ్లీషులో మాట్లాడతాయి. అధికారికంగా తెలుగు సంభాషణ గాని, తెలుగు ఉపశీర్షిక గాని లేవు. నికో పశ్చాత్తాపంలో ఎక్కువ భాగం కారు నడుపుతూ పక్కవారితో మాట్లాడే మాటల్లో ఉంటుంది. ఆటగాడి కన్ను రోడ్డుపై ఉండగా తెర అడుగున ఉపశీర్షిక పరుగెత్తుతుంది. ఇంగ్లీషు ధారాళంగా చదవగలవాడికే రెండింటినీ అందుకోవడం కష్టం. ఇంగ్లీషును పాఠ్యపుస్తకంలోనే ఎరిగిన మండల కేంద్రపు విద్యార్థికి ఆ మాటలు ఇంజను చప్పుడులో భాగం అవుతాయి.

ఈ స్థితికి పూర్వరంగం ఉంది. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ’ (2002) కంప్యూటర్ రూపం తక్కువ సామర్థ్యం గల యంత్రాల్లోనూ నడవడంతో తెలుగు ఊళ్ల ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరం పిల్లలకు పరిచయమైంది. ఆ తరం ఆటలో నేర్చుకున్న ఇంగ్లీషు చాలావరకు చీట్ కోడ్‌లది. ‘పాంజర్’ అని కొడితే యుద్ధట్యాంకు ప్రత్యక్షమవుతుంది. ‘లీవ్ మీ ఎలోన్’ అని కొడితే పోలీసులు వేట మానేస్తారు. అర్థంతో పని లేకుండా అక్షరదోషం లేని ఉచ్చారణతోనే ఫలం దక్కే ఈ మాటలు మంత్రాల వంటివి. ఆట భాష ఆటగాడికి మంత్రంగా చేరింది, కథగా చేరలేదు.

భాష రాకపోయినా ఆట అర్థమవుతుందన్న వాదన ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. గుర్తులు, రంగులు, బాణాలు భాషతో నిమిత్తం లేకుండా దారి చూపిస్తాయి. ఆటగాళ్లు తమ సొంత ఆటలను కూడా కల్పించుకుంటారు: పందాలు పెట్టుకుంటారు, వంతెనల మీంచి బైకులు దూకిస్తారు, పోలీసులను ఎంతసేపు తప్పించుకోగలరో లెక్కపెట్టుకుంటారు. ఈ సృజనను తక్కువ చేయవలసిన పని లేదు. కాని భాష లేకుండా అందేది ఆటలో ఏ సగమో గమనించాలి. చంపడం భాష లేకుండా అందుతుంది. చచ్చినవాడు ఎవరన్నది అందదు. పారిపోవడం అందుతుంది, పారిపోయి వచ్చినవాడి గతం అందదు. నేరం పటంలో ఉంది, నేరంపై విచారణ మాటల్లో ఉంది. తెలుగు ఆటగాడికి మొదటిది పూర్తిగానూ, రెండోది తునకలుగానూ చేరుతోంది. ఇటువంటి ఆటలు హింసను మాత్రమే నేర్పుతాయన్న ఫిర్యాదులో కొంత నిజం ఉంటే, ఆ నిజానికి ఆట ఒక్కటే కారణం కాదు. ఆటను సగమే చేరనిచ్చిన భాషావ్యవస్థకు కూడా అందులో పాలుంది.

ఈ ఖాళీని కొంత పూరిస్తున్నది యూట్యూబ్‌లోని తెలుగు గేమింగ్ వ్యాఖ్యానం. ఆట ఆడుతూ, తెరను చూపుతూ, ‘అన్నా’, ‘తమ్మీ’ అని పలకరిస్తూ తెలుగులో కథ నడిపే వ్యాఖ్యాత, పటం ముందు నిలబడిన కథకుడికి దూరపు బంధువు. బొమ్మ అందరికీ ఒకటే, గొంతు అతనిది. ప్రత్యక్షప్రసారంలో ప్రేక్షకులు రాసే మాటలు వంతపాట పని చేస్తాయి. అయితే పటకథకుడికి కథ ముఖస్థం, కథను వదిలి బొమ్మ చూపడం అతని ధర్మం కాదు. గేమింగ్ వ్యాఖ్యాతకు ఆ కట్టుబాటు లేదు. నవ్వు పుట్టించే ప్రమాదాలు, పోలీసు వేటలు చూపి సంభాషణలను దాటవేస్తే ప్రేక్షకుడికి మళ్లీ పటమే మిగులుతుంది. సబ్‌వే వేట ముగిసిన చోట ఆగి ‘వీడి పేరు జిమ్, వీడి కథ తరవాత వస్తుంది’ అని ఒక్క మాట చెప్పగలిగితే కథ చేరుతుంది. విస్తరణ కథ చేసే పనిని అప్పుడు తెలుగు గొంతు చేస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు నాలుగు.

మొదటిది, ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4’ను దాని విస్తరణ కథలతో కలిపి చదివినప్పుడే ఆ రచన నైతికస్వరూపం తెలుస్తుంది. మూలకథ ఒక్కదానిపై చేసే తీర్పు అసంపూర్ణం.

రెండోది, అంచున ఉన్నవాడిని కేంద్రానికి తెచ్చే విస్తరణ పద్ధతికి తెలంగాణ కులపురాణాల్లో సమాంతరం ఉంది. అయితే ఒకటి హక్కుగా నడిచిన సంప్రదాయం, మరొకటి సంస్థ నిర్ణయంపై ఆధారపడిన సరుకు. రెండింటిలోనూ కేంద్రం మారినప్పుడు కొత్త అంచు మిగులుతుంది.

మూడోది, సాధారణీకరణం వంటి భావనలు వీడియోగేమ్ అనుభవాన్ని వివరించడానికి పనికివస్తాయి గాని, చేసినవాడే చూసేవాడైన ఈ మాధ్యమంలో వాటిని సవరించుకోవలసి ఉంటుంది.

నాలుగోది, ఈ వ్యాసానికి ముఖ్యమైనది: ఆటలో నేరం సంకేతాల ద్వారా, నేరవిచారణ భాష ద్వారా అందుతాయి. తెలుగు లేని ఆట తెలుగు ఆటగాడికి నేరాన్ని అప్పగించి విచారణను తనవద్దే ఉంచుకుంటోంది.

విశ్వవిద్యాలయాల తెలుగు, అనువాద అధ్యయన శాఖలకు ఇక్కడ చేయదగిన పనులున్నాయి. వీడియోగేమ్ సంభాషణల ఉపశీర్షికీకరణ, గేమింగ్ వ్యాఖ్యాతల కథనరీతి, ఆటగాళ్లు తమలో తాము చెప్పుకునే ఆటకథలు – మూడూ పరిశోధనకు అనువైన విషయాలే. చేర్యాల పటాలను సేకరించినవారిలో కొందరు వాటిని విప్పి చెప్పే గొంతులను కూడా నమోదు చేయవలసి ఉందని గుర్తించారు. తెలుగు ఇళ్లలోని తెరలపై ఇప్పుడు విప్పుకుంటున్న పటాల విషయంలోనూ ఆ గుర్తింపు అవసరం. సబ్‌వే సొరంగంలో మాయమైన ఎర్రచుక్క ఎవరని మొగుళ్లపల్లి విద్యార్థి అడిగితే, తెలుగులో జవాబు దొరికే స్థితి రావాలి.